వెండ్రుకలు రాలుట, బోడిమచ్చలు పడుట: కారణములు

చలి తగ్గి ఎండలు ముదురు సమయమున మన అనంతపురపు మెట్టసీమలో ఏ మందను చూచినను కొన్ని గొఱ్ఱెల ఒంటిమీద బొచ్చు పీలికలుగా వ్రేలాడుచుండును. ఎద్దు మెడపై నొకచోట, దూడ కంటిచుట్టు వేఱొకచోట చర్మము బోడియై కనబడును. ఇంటిలో పిల్లవాని తలపై రూపాయి బిళ్లంత మచ్చ తేలును. వీనిని గూర్చి సంఘసభ్యులు మమ్ము కలిసికొన్నప్పుడు సామాన్యముగా అడుగు ప్రశ్న యొక్కటే: "దీనికి మందేమండీ?" కారణము తెలియక మందు చెప్పుట కుదరదు. వెండ్రుక రాలుట యనునది స్వయముగా రోగము కాదు. జ్వరమెట్లు పలు రోగములకు గుర్తో, ఇదియు నట్లే పలు రోగములకు గుర్తు. కొన్నియెడల రోగమే కాని సహజధర్మమునకును గుర్తు. గజ్జికి వేయవలసిన మందును కఱవుచే రాలిన బొచ్చునకు వేసినచో డబ్బు దండుగ. తామరకు నూనె పూసి ఊరకున్నచో అది ఇంటిలోని పిల్లలకు పాకును. కావున రైతు సోదరులు మందు సీసా చేతబట్టుటకు ముందు ఈ నాలుగు మాటలు చదువగోరుచున్నాము.

వెండ్రుక చర్మములోని కుదురునుండి మొలచును. ప్రతి కుదురును కొంతకాలము వెండ్రుకను పెంచి, కొంతకాలము విశ్రమించి, పాతదానిని విడిచి క్రొత్తదానిని మొలిపించును. మనుష్యుని తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. అవి నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగును. దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట సహజము. ఒక్కొక్క కుదురు ఒక్కొక్క సమయమున విశ్రమించును గనుక ఆ రాలుట మన కంటికి అంతగా ఆనదు. పశువులలో నట్లు గాదు. ఋతువు మాఱినప్పుడు పెక్కు కుదుళ్లు ఒక్కమాఱే పాతబొచ్చును విడుచును. చలికాలపు దట్టమైన బొచ్చు వేసవికి ముందు రాలుటకు ఇదియే కారణము.

మన సీమలో రెండు తెగల గొఱ్ఱెలు మేయుచున్నవి. నెల్లూరు జాతివానికి ఒంటిమీద ఉన్ని లేదు. పొట్టిబొచ్చు మాత్రమే యుండును. దక్కనీ, బళ్లారి జాతుల గొఱ్ఱెలకు ముతక ఉన్ని కలదు. దానిని కురుబ సోదరులు కత్తిరించి కంబళ్లు నేయుట ఎల్లరెఱిగినదే. ఈ రెండు తెగల సంకరమునకు పుట్టినవానికి బొచ్చును ఉన్నియు కలిసియుండి, వేసవిలో పీలికలుగా ఊడుట కద్దు. ఇట్టి సహజమైన రాలుటను గుర్తించుట సులభము. ఊడినచోట వ్రేలితో తడవిచూచిన క్రొత్తబొచ్చు నున్నగా తగులును. చర్మము మెత్తగా, శుభ్రముగా నుండును. పశువు గోకికొనదు. దీనికి మందక్కఱలేదు.

కఱవువలన రాలుట వేఱు. బొచ్చును ఉన్నియు కేవలము మాంసకృత్తులతో నిర్మితములు. సాలుకు సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియు మన సీమలో, ఆ కొంచెమును తప్పిపోయిన సంవత్సరమున, పశువు తాను తిన్నదానిని మొదట ప్రాణము నిలుపుకొనుటకు, పిదప కడుపులోని పిల్లకు, పాలకు వినియోగించుకొనును. బొచ్చునకు మిగులునది చాల తక్కువ. ఆకలి దినములలో పెరిగిన ఉన్నిపోగు ఆ యొక్క తావున సన్నబడి బలహీనమగును. కొన్ని వారములు గడచిన పిమ్మట ఆ సన్నని తావున తెగి, ఉన్ని చాపవలె ఊడివచ్చును. అప్పటికి తొలకరి వానలు పడి పచ్చగడ్డి మొలచియుండవచ్చును. అందుచే కాపరి "క్రొత్తగడ్డి పడలేదు" అని ఆ గడ్డిని నిందించును. తప్పు గడ్డిది గాదు, చైత్రవైశాఖముల ఆకలిది. ఊడిన పోగును ఎండకు ఎత్తిపట్టి చూచినచో మొదటివైపున సన్నదనము స్పష్టముగా కనబడును. మేమీ పరీక్షను కాపరులచేతనే చేయించితిమి; చూచినవారు మఱల మందు అడుగలేదు.

ఇదే ధర్మము మనుష్యులకును వర్తించును. టైఫాయిడు, డెంగ్యూ వంటి జ్వరములు తగిలిన రెండు మూడు మాసములకు, లేక ప్రసవమైన రెండు మూడు మాసములకు, తల దువ్వుకొన్నప్పుడు వెండ్రుకలు పిడికిళ్లుగా వచ్చును. 2020, 2021 సంవత్సరములలో కోవిడు సోకి లేచిన వారిలో అనేకులకిట్లే జరిగినది. కారణము మూడుమాసముల వెనుక నున్నందున మనము దానిని మఱచి, నిన్న మార్చిన సబ్బును, మొన్న త్రవ్వించిన బోరు నీటిని తప్పుపట్టుదుము. కుదుళ్లు చెడలేదు గనుక ఆఱు మాసములకు ఇంచుమించు మఱల జుట్టు వచ్చును. ఐనను రక్తహీనత గల స్త్రీలకు ఇనుము చాలక జుట్టు పలుచబడుట కలదు. అట్టివారు తలకు నూనె మార్చుటకంటె రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

ఇక మన మందలకు నిజమైన నష్టము కలిగించునది గజ్జి. ఇది సూదిమొనయంత చిన్న పురుగులవలన కలుగును. వీనికి సాలెపురుగునకు, పిడుదునకు వలె ఎనిమిది కాళ్లు. ఇందు ప్రధానముగా రెండు తెగలు. సార్కాప్టిస్ అనునది చర్మములో సొరంగములు త్రవ్వుకొని అందే గ్రుడ్లు పెట్టును. మేకలకు ముట్టె, చెవులు, కంటిచుట్టు మొదలుపెట్టి ఒళ్లంతయు పాకును. సోరాప్టిస్ అనునది చర్మముపైననే యుండి, ఉన్ని గల తావులలో, వీపు ప్రక్కలలో కాపురముండును. గొఱ్ఱె కుంగి, చిక్కి, తుదకు చచ్చుటకును కారణమగునది ఎక్కువగా ఈ రెండవదే. రాళ్లకు, కంచెకు ఒరసికొనుట, నోటితో ఉన్ని పీకికొనుట, పసుపుపచ్చని పెచ్చులు కట్టుట, మేత మఱచుట దీని లక్షణములు.

గుర్తించు నుపాయ మొకటి కలదు. అనుమానమున్న గొఱ్ఱె వీపును గట్టిగా తోమిన, గజ్జి యున్నచో అది సుఖపడి పెదవులు నమలుచున్నట్లు ఆడించును. పిమ్మట మచ్చ అంచున, అనగా చెడిన చర్మమునకును మంచి చర్మమునకును నడిమి తావున, పెచ్చు నొకటి గీకి నల్లని గుడ్డపై పఱచి ఎండలో కొంతసేపు ఉంచవలెను. భూతద్దముతో చూచిన తెల్లని నలుసులు కదలును. కన్ను చురుకైనవారికి అద్దము లేకయే కనబడవచ్చును. మచ్చ నడిమిభాగమునుండి గీకుట వ్యర్థము, పురుగులు అక్కడ విడిచిపోయి అంచుకు చేరియుండును. చర్మములోపల దాగు సార్కాప్టిస్ ఈ పరీక్షకు దొరకకపోవచ్చును. దానికి పశువైద్యశాలలో సూక్ష్మదర్శినియే శరణ్యము.

ఒక గ్రుడ్డు పెద్దపురుగై మఱల గ్రుడ్లు పెట్టుటకు సుమారు రెండు వారములు పట్టును. మందులు సామాన్యముగా పురుగును చంపునుగాని గ్రుడ్డును చంపవు. కావున ఒక్కమాఱు మందిచ్చి బాగైనదని విడిచినవారి మంద నెలతిరుగకముందే మొదటికి వచ్చును. పశువైద్యులు నేడు ఎక్కువగా వాడునది ఐవర్‌మెక్టిన్ సూది. ఈ మందు జపానుదేశపు మట్టిలోని సూక్ష్మజీవినుండి పుట్టినది. దానిని కనుగొన్న సతోషి ఓమురా, విలియం క్యాంబెల్ అను శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. వైద్యుడు రెండవ సూదికి చెప్పిన దినమును మఱవరాదు. సూది వేసిన గొఱ్ఱెను వైద్యుడు చెప్పిన గడువు తీఱువఱకు కోతకు అమ్మరాదు. పాలు పిండుకొనువానికి వైద్యు నడుగక ఈ మందు వాడనే రాదు.

సూదికంటె పెద్దమందకు సులువైనది మందునీటిలో ముంచుట. ఉన్ని కత్తిరించి, గాట్లు మానిన పిమ్మట రెండు వారములకు ముంచుట మంచిది. దప్పిగొన్న గొఱ్ఱెను తొట్టిలో దింపినచో అది మందునీరు త్రాగును; గనుక ముందుగా నీరు త్రాగించి, కొంత విశ్రమింపజేసి, ప్రొద్దెక్కినపిమ్మట, మిట్టమధ్యాహ్నమునకు లోపల ముంచవలెను. ఒక నిమిషము ఒళ్లంతయు మునుగవలెను. తలను ఒకటి రెండు మాఱులు లోనికి నొక్కవలెను. చెవులు తడియనిచో పురుగులు చెవిలో దాగి, పిదప దిగివచ్చును. మిగిలిన నీటిని చెఱువులోగాని కుంటలోగాని పోయరాదు. ఈ మందులలో కొన్ని చేపలకు కాలకూటము.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. వేరుశనగ చేనికి కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి పశువుల ఒంటికి పూయువారిని మేము చూచియున్నాము. అంతకంటె అపాయము లేదు. చేనిమందు చర్మముద్వారా రక్తములో కలిసి, చొల్లు కార్చి, కండరములు అదరి, గంటలలో పశువు పడిపోవును. ఒకయూరిలో ఒక్క ఉదయమున ఇట్లు పదునొకండు గొఱ్ఱెలు నేలకొఱిగినవి. అవి గజ్జితోనే యున్నచో మఱికొన్ని మాసములు బ్రతికియుండెడివి. ఇంజినునుండి తీసిన నల్లనూనె పూయుటయు నట్టి పనియే. వైద్యశాల దూరమైనచో, గంధకపు పొడి నొక పాలు, కానుగనూనె పదిపాళ్లు కలిపి, పెచ్చులు గోరువెచ్చని సబ్బునీటితో నానబెట్టి తీసివేసి, ఒంటిలో కొంతభాగమునకు నేడు, కొంతభాగమునకు ఱేపు చొప్పున పట్టింపవచ్చును. గంధకము పాతకాలపు మందే గాని పనిచేయు మందు. కొలది గొఱ్ఱెలున్నవారికి ఇది చాలును, మందకు చాలదు.

ఒకరి మందకు మాత్రము మందు వేయుటచే గజ్జి పోదు. వేసవిలో మన మందలు మేతకై ఊళ్లు దాటిపోవును, ఎరువుకొఱకు ఒకరి పొలమున నేడు, వేఱొకరి పొలమున ఱేపు మంద కట్టుదుము, సంతలో కలియును, ఒకే తుమ్మచెట్టునకు ఒరసికొనును. పురుగు గొఱ్ఱెనుండి విడివడి సుమారు రెండు వారములకు పైగా చెట్టుబెరడున, కంచె కంపకు చిక్కిన ఉన్నిలో బ్రతుకగలదు. ఇంగ్లండు దేశమువారు చట్టముచే ప్రతి మందను ముంచి ముంచి 1952 నాటికి ఈ రోగమును తమ దీవిలో రూపుమాపిరి. 1973లో అది మఱల ప్రవేశించెను. 1992లో నిర్బంధపు ముంచుటను తీసివేసినంతట, ఎవరి ఇష్టము వారిదై, రోగము దేశమంతట వ్యాపించెను. అంత ధనము, అంత శాస్త్రము గలవారికే పొరుగువాని మంద బాగుపడక తన మంద బాగుపడలేదు. మన గొఱ్ఱెల పెంపకందార్ల సహకార సంఘములు ఊరి మందలన్నింటిని ఒకే వారములో ముంచుటకు, రెండు వారములకు మఱల ముంచుటకు పూనుకొన్నచో ఖర్చు తలకొక కొంచెమే యగును. తొట్టి ఒక్కటి, మందు ఒక్కటి, దినము ఒక్కటి కావలెను. గ్రామములో ఒక్క పెద్దమనిషి "నా మందకు లేదు" అని ప్రక్కన నిలిచినచో తక్కినవారి రూపాయలు నీళ్లపాలు.

పేలు, పిడుదులు గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. చలికాలమున చిక్కిన మేకలకు పేలు పట్టును. బొచ్చు పాయదీసి చూచిన కంటికే కనబడును. గొఱ్ఱెపేను మనుష్యుని పట్టదు. గ్రుడ్లు పొదిగిన పిమ్మట పదునాలుగు దినములకు మఱల మందు చల్లవలెనన్న నియమము వీనికిని కలదు.

దూడలకు వచ్చు తామర వేఱు. ఇది పురుగు గాదు, బూజుజాతి. కంటిచుట్టు, మొగము, మెడ మీద బూడిదరంగు పెచ్చుకట్టిన గుండ్రని మచ్చలు పడును. దూడ అంతగా గోకికొనదు. మందు వేయకున్నను రెండు నాలుగు మాసములలో చాలవఱకు తనంత తానే మానును. ఎండ తగులు కొట్టము, పచ్చిమేత దీనికి మేలుచేయును. అట్లని ఉపేక్షింపరాదు. ఆ దూడను కౌగిలించుకొని ఆడుకొను పిల్లవానికి అదే తామర తలకెక్కును. బూజుగింజలు కొట్టపు గోడలలో సంవత్సరముల తరబడి చావక యుండును. పిల్లవాని తలపై పొలుసులతో, విఱిగిన వెండ్రుకల మొదళ్లతో మచ్చ కనబడినను, చీముపట్టి గడ్డవలె ఉబ్బినను, అది తామరయే కావచ్చును. పైపూత మందుమాత్రమే దీనికి చాలదు. బూజు వెండ్రుక కుదురులోనికి దిగియుండును గనుక గ్రిసియోఫుల్విన్ వంటి మందును వైద్యుడు చెప్పినన్ని వారములు, సామాన్యముగా ఆఱు ఎనిమిది వారములు, కడుపులోనికి పుచ్చుకొనవలెను. చీముగడ్డ యని కోయించుట తగదు. ఆలసించినచో మచ్చమానినను ఆ తావున జుట్టు మొలవకపోవచ్చును. దూడను ముట్టినవారు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను, పిల్లలను దూరముంచవలెను.

పొలుసు లేక, నొప్పి లేక, నున్నగా అద్దమువలె మెఱయు గుండ్రని మచ్చ మఱియొకటి కలదు. దీనిని మనవారు పేనుకొఱుకుడు అందురు. పేరే మనలను మోసపుచ్చుచున్నది. పేను వెండ్రుకను కొఱుకదు. అది చర్మమునుండి రక్తము పీల్చును. ఈ మచ్చకు పేనుతోగాని, బల్లితోగాని, అపరిశుభ్రతతోగాని సంబంధము లేదు. శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షకకణములే ఏదో పొరపాటున వెండ్రుక కుదుళ్లను శత్రువులుగా భావించి ముట్టడించుటచే ఇది కలుగును. ఒకరినుండి యొకరికి అంటదు. చిన్న మచ్చలు పెక్కింటిలో ఏడాదిలోపల జుట్టు తనంతనే, మొదట తెల్లగా, పిమ్మట నల్లగా వచ్చును. ఈ కారణముచేతనే మంత్రము వేసినవానికిని, ఉల్లిగడ్డ రుద్దినవానికిని కీర్తి వచ్చుచున్నది. మచ్చలు పెక్కైనను, కనుబొమలు రాలినను చర్మవైద్యునికి చూపవలెను.

ఉల్లిగడ్డ రుద్దిన అపాయము లేదు. కాని గురివింద గింజలు నూరి పూయు నలవాటు మన పల్లెలలో ఇంకను కలదు. గురివిందలోని విషము అత్యల్పమైనను ప్రాణాంతకము. పూర్వము దురాత్ములు గురివిందపప్పు నూరి సూదివలె చేసి పశువులకు గ్రుచ్చి చంపెడివారను సంగతి పాతకాలపు పోలీసు వ్రాతలలో కలదు. అట్టిదానిని పుండుపడిన తలకు పూయుట, నూరిన రాతిని పిల్లలకు అందుబాటున విడుచుట ఎంత సాహసము! నల్లజీడి రసము పూయుటయు చర్మమును కాల్చి మాయని మచ్చ మిగుల్చును. బడిలో తలపై మచ్చగల బాలికను వేఱుగా కూర్చుండబెట్టుట, పెండ్లిచూపులలో ఇది చూచి సంబంధము తప్పించుకొనుట మేమెఱుగుదుము. అంటని దానికి ఇంత శిక్ష యేల?

మేతవలన బొచ్చు రాలుట కొందఱికి ఆశ్చర్యముగా నుండును. గట్లమీద, తోపులలో పెరుగు సుబాబుల్ ఆకు కఱవులో మంచి మేతయే. కాని అందు మిమోసిన్ అను పదార్థము వెండ్రుక కుదురు పనిని ఆపును. గుఱ్ఱములకు, గాడిదలకు జూలు, తోక ఊడిపోవును. పశువులకు, మేకలకు గొంతుక్రింద గండమాలవలె ఉబ్బుటయు కలదు. హవాయి దీవులలోని మేకలు ఈ ఆకు నెంత తిన్నను చెడకుండుట గమనించి, రేమండ్ జోన్సు అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు వాని పొట్టలోని సూక్ష్మజీవులను 1980 దశకమున తన దేశపు పశువులకు ఎక్కించి రక్షించెను. మన పశువులలో చాలవానికి ఈ సూక్ష్మజీవులు సహజముగానే కలవందురు గాని, అలవాటులేని పశువునకు ఒక్కమాఱు పొట్టనిండ పెట్టరాదు. మొత్తము మేతలో మూడవవంతుకు లోబడి, చొప్పతోను వేరుశనగ కట్టెతోను కలిపి పెట్టినచో భయములేదు. బొచ్చు రాలుట కనబడిన వెంటనే ఆపినచో కొన్ని వారములకు మఱల వచ్చును.

రాగిలోపమున నల్లగొఱ్ఱె ఉన్ని మాసి గోధుమరంగు తిరుగును, మెలిక తప్పి తీగవలె సాగును. పుట్టిన పిల్లలు వెనుకకాళ్లు తూలుచుండును. జింకు లోపమున చర్మము మందమై, పెచ్చుకట్టి బోడియగును. పచ్చిమేత కఱవైన వేసవిలో విటమిన్ ఏ తగ్గి రేచీకటి, గరుకుబొచ్చు కలుగును. ఖనిజమిశ్రమము పెట్టుట యుక్తమే. కాని ఎద్దులకు, ఆవులకు అమ్ము మిశ్రమమును గొఱ్ఱెలకు పెట్టరాదు. గొఱ్ఱె రాగిని ఓర్వలేదు. పశువునకు బలమైనది గొఱ్ఱెకు కాలేయము చెడి మరణము కావచ్చును. గొఱ్ఱెలకని వ్రాసియున్న సంచినే అడిగి కొనవలెను.

ఎద్దుమెడపై కాడి ఒరసి బోడియగుట ఎల్లరు ఎఱిగినదే. కాడిని నున్నగా చెక్కి, పుండు మానువఱకు విశ్రాంతి నిచ్చుట తప్ప మందులేదు. 2019లో మన దేశమున మొదట కనబడి, 2022లో గుజరాతు, రాజస్థానములందు పశువులను విశేషముగా చంపిన లంపీ చర్మరోగమున జ్వరముతో ఒంటినిండ గడ్డలు లేచి, అవి ఊడినచోట బోడిమచ్చలు మిగులును. మచ్చలకు ముందు జ్వరము వచ్చినచో, పశువును వేఱుపఱచి ఆ దినముననే పశువైద్యశాలకు తెలుపవలెను. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

సంతలో గొఱ్ఱెను కొనునప్పుడు పండ్లు చూచి, వెన్ను తడవి ధర కట్టుట మన అలవాటు. అట్లే వీపు తోమి పెదవులను గమనింపుడు. చెవిలోపల, తొడసందున ఉన్ని పాయదీసి చూడుడు. కొని తెచ్చినదానిని మూడు వారములు మందలో కలుపక వేఱుగా కట్టుడు. గజ్జితో బాధపడిన మంద విడిచిన దొడ్డిని పదునెనిమిది దినములు ఖాళీగా నుంచి, కంపకు చిక్కిన ఉన్నిని ఏఱి కాల్చివేయవలెను. ఉన్ని కత్తిరించువారు ఊరూర తిరుగుదురు గనుక, వారు మీ దొడ్డిలో అడుగిడక మునుపే కత్తెరలను సలసల కాగు నీటిలో ముంచి తీయుమని అడుగుటకు మొగమోటపడకుడు.